సైలెన్సర్ ఒక్కటే దారి కాదు

కొత్త మోడల్ పెట్రోలు కారును అమ్మకానికి అనుమతించే ముందు చేసే పరీక్షల్లో ఒకదానికి కావలసిన సరంజామా చాలా తక్కువ. ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూసుకునే డిప్‌స్టిక్‌ను బయటికి తీస్తారు. ఆ రంధ్రానికి ఒత్తిడి కొలిచే సన్నటి గొట్టం తగిలిస్తారు. తరవాత బండిని మూడు రకాలుగా నడుపుతారు. మొదట ఉన్నచోటే ఐడ్లింగ్‌లో, ఆపైన గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, చివరికి అదే వేగం మీద భారాన్ని 1.7 రెట్లు పెంచి. మూడింటిలోనూ ఇంజన్ కడుపులోని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిని దాటకూడదు. దాటితే, తయారీదారు కోరిన మీదట ఇంకో పరీక్ష ఉంటుంది. అదే రంధ్రానికి సుమారు 5 లీటర్లు పట్టే మెత్తని సంచి కట్టి, ఒక్కో స్థితిలో 5 నిమిషాలు తెరిచి ఉంచుతారు. సంచి కంటికి తెలిసేంతగా ఉబ్బిందా, కారు తప్పినట్టే.

ఐరోపా పద్ధతి నుంచి వచ్చిన ఈ పరీక్ష మన బీఎస్-6 నిబంధనల్లోనూ ఉంది. ఆ నిబంధనల ప్రకారం పెట్రోలు కారు సైలెన్సర్ నుంచి కిలోమీటరుకు 1 గ్రాము కార్బన్ మోనాక్సైడ్ రావచ్చు. హైడ్రోకార్బన్లు 0.1 గ్రాము, నైట్రోజన్ ఆక్సైడ్లు 0.06 గ్రాము దాకా రావచ్చు. ట్యాంకు తదితర భాగాల నుంచి ఆవిరి రూపంలో పరీక్ష మొత్తానికి 2 గ్రాములు పోవచ్చు. డిప్‌స్టిక్ దిగి ఉండే క్రాంక్‌కేసు నుంచి మాత్రం బయటి గాలిలోకి ఏమీ రాకూడదు. అక్కడ అనుమతి సున్నా.

సైలెన్సర్‌కు కొంత వెసులుబాటు ఇచ్చిన నిబంధన ఇక్కడ ఇంత గట్టిగా ఎందుకుందంటే, ఇక్కడ సున్నా సాధ్యం కాబట్టి. అదీ కొన్ని వందల రూపాయల వాల్వుతో, రెండు రబ్బరు గొట్టాలతో. నన్నడిగితే కారులోని కాలుష్య నియంత్రణ సాధనాలన్నింటిలో పెట్టిన ఖర్చుకు ఇంత ఫలితం ఇచ్చేది మరొకటి లేదు. మన గ్యారేజీల్లో అన్నింటికన్నా ఆఖరున గుర్తొచ్చేదీ అదే.

లీటరు పెట్రోలు, తొమ్మిది వేల లీటర్ల గాలి

ముందు ఇంజన్ ఎంత గాలి పీలుస్తుందో చూద్దాం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు దాదాపు 740 గ్రాములు. కాబట్టి లీటరుకు 10.9 కిలోల గాలి పడుతుంది. ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన లీటరు పెట్రోలు కాలడానికి ఇంచుమించు 9,000 లీటర్ల గాలి ఖర్చవుతుంది. 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ములు 45 వరసగా పేరిస్తే ఎంతో అంత. బంకులో 5 లీటర్లు కొట్టించి వస్తే 225 డ్రమ్ములు.

మండాక వచ్చేది లీటరుకు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, ఒక కిలో నీళ్లు. లీటరు పెట్రోలు కాలిస్తే లీటరు నీళ్లు పుడతాయంటే చాలామంది నమ్మరు. కానీ పెట్రోలులో ఉన్న హైడ్రోజన్ అంతా ఆక్సిజన్‌తో కలిసి నీరు కావలసిందే. చలికాలం ఉదయం సైలెన్సర్ కొసన కారే చుక్కలు ఆ నీళ్లే. ఈ నీటి సంగతి గుర్తుంచుకోండి, ఇంజన్ ఆయిల్ దగ్గర మళ్లీ వస్తుంది.

ఇదంతా కాగితం మీది లెక్క. ఇంజన్‌కు అంత తీరిక ఉండదు. మన రోడ్ల మీద లక్షల్లో తిరిగే 1,200 సీసీ, 4 సిలిండర్ల కారునే తీసుకుందాం. క్రాంక్‌షాఫ్టు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక చుట్టుకు పట్టేది 20 మిల్లీసెకన్లు. రెండు చుట్లకు ఒకసారి ఒక్కో సిలిండర్‌లో మంట అంటుకుంటుంది. అంటే సిలిండర్‌కు సెకనుకు 25 సార్లు, నాలుగింటిలో కలిపి 100 సార్లు. మంట బలానికి పిస్టన్ పైనుంచి కిందికి దిగే వ్యవధి 10 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలో పెట్రోలంతా గాలితో కలిసి నిశ్శేషంగా కాలాలి. చాలావరకు కాలుతుంది. ఆక్సిజన్ చాలనిచోట కార్బన్ మోనాక్సైడ్ మిగులుతుంది. సిలిండర్ గోడను అంటుకుని చల్లబడిన పొరలోనూ, రింగుల సందుల్లోనూ ఇరుక్కున్న పెట్రోలు కాలకుండా హైడ్రోకార్బన్లుగా మిగిలిపోతుంది. మంట వేడి 2,000 డిగ్రీలు దాటినచోట, మామూలుగా దేనితోనూ కలవని నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టిస్తుంది.

కారు కాలుష్యం అన్నప్పుడు మనం లెక్కలోకి తీసుకునే విషాలు ప్రధానంగా ఈ మూడే. ఇవి సైలెన్సర్ నుంచే వస్తాయని అనుకోవడం సహజం. కానీ ఇంజన్‌కు ఇంకో రెండు దారులున్నాయి.

రింగుల సందులోంచి

అదే కారులో పిస్టన్ వ్యాసం 73 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని నెత్తి వైశాల్యం 42 చదరపు సెంటీమీటర్లు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మంట పుట్టించే ఒత్తిడి బయటి గాలికి 50 రెట్ల దాకా ఉంటుంది. గుణిస్తే ప్రతిసారీ పిస్టన్ మీద పడే భారం 2 టన్నుల పైమాటే.

ఆ ఒత్తిడిని ఆపేవి పిస్టన్‌కు తొడిగిన రింగులు. సాధారణంగా మూడుంటాయి. పై రెండూ గ్యాసును ఆపడానికి, కిందిది గోడల మీది ఆయిల్‌ను గీకి దించడానికి. రింగు అనే మాటే గాని అది పూర్తి వలయం కాదు, ఒకచోట తెగి ఉంటుంది. వేడికి సాగినప్పుడు కొసలు ఒకదాన్నొకటి నెట్టుకోకుండా అక్కడ మిల్లీమీటరులో నాలుగో వంతో మూడో వంతో ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ లోపం కాదు, అది లేకపోతే ఇంజన్ పట్టేస్తుంది. కానీ 50 రెట్ల ఒత్తిడికి అంత సందు చాలు. ప్రతి మంటకూ కొంత గ్యాసు రింగులను దాటి కిందికి, క్రాంక్‌షాఫ్టు తిరిగే గదిలోకి, ఆయిల్ మీదికి జారుకుంటుంది. ఇంజనీర్లు దీన్ని బ్లో-బై అంటారు. మెకానిక్‌ల నోట ఇది బ్యాక్ కంప్రెషన్.

ఎంత గ్యాసు? ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో అది పీల్చే గాలిలో ఇంచుమించు ఒక శాతం, చాలాసార్లు అంతకన్నా తక్కువ. 1,200 సీసీ ఇంజన్ 3,000 చుట్ల దగ్గర నిండుగా పీలిస్తే నిమిషానికి 1,800 లీటర్లు. అందులో ఒక శాతం 18 లీటర్లు. గంటకు 1,080 లీటర్లు, అంటే అయిదు డ్రమ్ములకు మించి. మామూలు నడకలో ఇందులో కొంత భాగమే ఉంటుంది. బోరు, రింగులు అరిగిన ఇంజన్‌లో ఇంతకు రెండు మూడింతలు కూడా రావచ్చు.

పరిమాణం కన్నా అందులో ఏముందన్నది ముఖ్యం. పెట్రోలు ఇంజన్ బ్లో-బైలో దాదాపు ముప్పావు వంతు కాలని పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమమే. మంట పుట్టకముందే కుదింపు దెబ్బకు మిశ్రమం రింగుల సందుల్లోకి దూరుతుంది. ఆ ఇరుకులోకి మంట రాలేదు. మిగతా పావు వంతు మండిన గ్యాసు, నీటి ఆవిరి, నీరు తగిలితే ఆమ్లంగా మారే నైట్రోజన్ ఆక్సైడ్లు. సైలెన్సర్ పొగలో కాలని పెట్రోలు ఏ కొంచెమో ఉంటే, ఇక్కడ అధిక భాగం కాలని మిశ్రమమే.

1960ల దాకా దీనికి చేసిన ఏర్పాటు ఒక్కటే. క్రాంక్‌కేసు నుంచి ఒక గొట్టం రోడ్డు మీదికి దించి, కొస ఏటవాలుగా కోసి వదిలెయ్యడం. బండి పరిగెడుతుంటే కింద వీచే గాలి గొట్టంలోని గ్యాసును లాగేస్తుంది. బండి ఆగితే లాగే దిక్కులేదు, గ్యాసు లోపలే ఆయిల్‌తో కలిసి ముద్దవుతుంది. మన పల్లెల్లో తిరిగిన పాత డీజిల్ జీపులు చూసినవాళ్లకు అలాంటి గొట్టం గుర్తుండే ఉంటుంది. నా చిన్నప్పుడు మా వీధి చివర రోజూ ఆగే జీపు కింద అరచేయంత నల్లటి మరక ఎప్పుడూ తడిగా ఉండేది. ఆయిల్ కారుతోందని పెద్దవాళ్లు అనేవారు. ఇంజన్ ఊపిరి వదిలిన చోటు అదని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

పైనాపిల్ వాసన నుంచి పీసీవీ దాకా

1943 జులై 26న అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్మేసింది. యుద్ధకాలం కావడంతో శత్రువులు విషవాయువు వదిలారని జనం భయపడ్డారు. దాని గుట్టు విప్పినవాడు అరీ హాగెన్-స్మిట్. నెదర్లాండ్స్‌లో పుట్టి, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పైనాపిల్‌కు ఆ వాసన ఏ రసాయనాల వల్ల వస్తుందో పరిశోధించిన శాస్త్రవేత్త ఆయన. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ సోకి ఓజోన్‌గా మారుతున్నాయని 1950ల మొదట్లో ఆయన తేల్చాడు. దాంతో హైడ్రోకార్బన్లు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయన్న వేట మొదలైంది. ఏ నియంత్రణా లేని కారులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా క్రాంక్‌కేసు గొట్టం నుంచే వస్తున్నాయని తేలింది. మరో అయిదో వంతు అటూఇటూగా ట్యాంకు, కార్బురేటర్ల నుంచి ఆవిరై పోతోంది. అందరూ వేలెత్తి చూపే సైలెన్సర్ వాటా మిగతా సగం పైచిలుకు.

పరిష్కారం అప్పటికే ఒకచోట వాడకంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో వాగులు దాటాల్సిన యుద్ధ ట్యాంకులకు ఆ గొట్టం గుండా నీళ్లు ఇంజన్‌లోకి పోయే ప్రమాదం ఉండేది. అందుకని గొట్టాన్ని బయటికి వదలకుండా ఇంజన్ గాలి పీల్చే దారికే తిప్పారు. లోపల పుట్టిన గ్యాసును ఇంజనే మళ్లీ పీల్చి కాలుస్తుంది. ఈ ఏర్పాటు 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కార్లకు, 1963 మోడల్ నుంచి అమెరికా అంతటా అమ్మే కార్లకు వచ్చింది. పేరు పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్, పొట్టిగా పీసీవీ. గాలిని కాపాడటం కోసం కారుకు తగిలించిన మొట్టమొదటి పరికరం ఇదే. అక్కడ కెటలిటిక్ కన్వర్టర్లు రావడానికి ఆ తరవాత ఇంకో 14 ఏళ్లు పట్టింది.

తలకిందుల లెక్క

గొట్టం తిప్పి కలిపేస్తే సరిపోదా, మధ్యలో వాల్వు ఎందుకు? దీనికి జవాబు మానిఫోల్డులో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో, ఉండే ఒత్తిడిలో ఉంది. ఐడ్లింగ్‌లో గాలిని అదుపు చేసే రేకు, అంటే థ్రాటిల్, మూసి ఉంటుంది, పిస్టన్లు గాలి కోసం లాగుతూనే ఉంటాయి. అప్పుడు మానిఫోల్డులో ఒత్తిడి బయటి గాలిలో మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. అంటే లాగే బలం చాలా ఎక్కువ. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే థ్రాటిల్ బార్లా తెరుచుకుని ఆ బలం దాదాపు సున్నా అవుతుంది. బ్లో-బై లెక్క దీనికి సరిగ్గా ఎదురు. ఐడ్లింగ్‌లో అతి తక్కువ, ఫుల్ లోడులో అతి ఎక్కువ. ఉత్త గొట్టం పెడితే, అవసరం లేనప్పుడు గాలి విపరీతంగా దూరి ఐడ్లింగ్ దెబ్బతింటుంది.

ఈ తలకిందుల లెక్కను సరిచేసేది పీసీవీ వాల్వు. బొటనవేలంత డొల్ల, లోపల ఒక స్ప్రింగు, దాని మీద మొన తేలిన చిన్న ముక్క. అంతే. చాలా కార్లలో దీనికి కరెంటు వైరు గాని, కంప్యూటర్ ఆజ్ఞ గాని అక్కర్లేదు. ఐడ్లింగ్‌లో బలంగా లాగినప్పుడు ముక్క స్ప్రింగును అణచుకుంటూ ముందుకెళ్లి, దారిని సన్నటి సందుగా కుదిస్తుంది. మామూలు వేగంలో లాగే బలం తగ్గి, స్ప్రింగు ముక్కను వెనక్కి నెడుతుంది, దారి వెడల్పవుతుంది. ఫుల్ లోడులో స్ప్రింగుదే పైచేయి, వాల్వు ఎక్కువలో ఎక్కువ తెరుచుకుంటుంది. ఒక్కోసారి మానిఫోల్డులోకి మంట ఎదురు తన్నుతుంది. అప్పుడు అదే ముక్క వెనక్కి జరిగి దారిని పూర్తిగా మూసేసి, మంట ఆయిల్ ఆవిరి నిండిన గదిలోకి పోకుండా కాపాడుతుంది.

రెండో గొట్టాన్ని మెకానిక్‌లు బ్రీదర్ పైపు అంటారు. ఎయిర్ ఫిల్టర్ దాటిన శుభ్రమైన గాలి దీని గుండా హెడ్ కవర్‌లోకి దిగి, లోపలి గ్యాసును ఊడ్చుకుంటూ వాల్వు వైపు పోతుంది. ఫుల్ లోడులో వాల్వు మోయలేనంత బ్లో-బై వస్తే, మిగులు గ్యాసు ఇదే పైపులో ఎదురు నడిచి ఫిల్టర్ వైపు వెళ్లి, అక్కడి నుంచి ఇంజన్‌లోకే చేరుతుంది. రెండు దారుల్లో ఏదీ బయటికి తెరుచుకోదు. సంచి ఉబ్బకపోవడానికి కారణం అదే.

టర్బో కార్లలో ఇంకో చిక్కుంది. టర్బో పనిచేస్తున్నప్పుడు మానిఫోల్డులో ఒత్తిడి బయటి గాలి కన్నా ఎక్కువ, కాబట్టి గ్యాసును టర్బో ముందు వైపుకు మళ్లించి, ఎదురు రాకుండా మధ్యలో మరో వాల్వు పెడతారు. టర్బో డీజిల్‌లో గ్యాసు ముందుగా ఆయిల్ సెపరేటర్ గుండా పోతుంది. అది పాడైనా, బ్యాక్ కంప్రెషన్ మితిమీరినా ఆయిల్ తుంపర్లు ఇంటర్‌కూలర్ పైపుల్లో చేరతాయి. టర్బో పోయిందని తీర్మానించే ముందు ఈ భాగం చూడాలి. ఆయిల్ ఎక్కువగా చేరితే డీజిల్ ఇంజన్ దాన్నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా తనంతట తాను పరుగు పెట్టగలదు. అది ప్రాణాపాయం.

వెన్నలాంటి తెల్లటి పూత

ఇందాకటి నీళ్లు ఇక్కడ మళ్లీ వస్తాయి. బ్లో-బైతో పాటు దిగిన నీటి ఆవిరి చల్లటి ఇంజన్ గోడల మీద చుక్కలుగా పేరుకుంటుంది. ఆయిల్ బాగా వేడెక్కితే ఆ నీరు మళ్లీ ఆవిరై పీసీవీ దారిన బయటపడుతుంది. కానీ నీళ్ల ఉష్ణోగ్రత చూపే ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు. దానికి ఇంకా చాలాసేపు పడుతుంది. పిల్లల్ని బడిలో దించి రెండు కిలోమీటర్లు తిరిగి ఇంటికొచ్చే కారులో నీరు ఆయిల్‌లోనే ఉండిపోతుంది. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపల వైపు వెన్నలాంటి తెల్లటి పూత కనిపిస్తుంది. అది చూడగానే హెడ్ గాస్కెట్ పోయిందని ఇంజన్ విప్పించేవాళ్లున్నారు. కూలెంట్ తగ్గడం లేదు, ఇంజన్ వేడెక్కడం లేదు అంటే ముందు ఓ నలభై కిలోమీటర్లు హైవే మీద నడిపి చూడండి, పీసీవీ వాల్వు తీసి చూడండి.

వాల్వు మూసుకుపోతే జరిగేది దీనికన్నా ఖర్చుతో కూడుకున్నది. నిమిషానికి లీటర్ల కొద్దీ దిగే గ్యాసుకు దారి లేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. హెడ్ కవర్ గాస్కెట్, డిప్‌స్టిక్ రంధ్రం, క్రాంక్‌షాఫ్టు కొసల సీళ్లు. మా బంధువుల కారుకు ఒకే ఏడాదిలో రెండుసార్లు క్రాంక్ వెనక సీలు మార్చారు. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. రెండుసార్లూ పార్టు కన్నా కూలీ ఎక్కువైంది. మూడోసారి ఇంకో మెకానిక్ సీలు జోలికి పోకుండా పీసీవీ వాల్వు పీకి ఊపి చూశాడు. చప్పుడు లేదు. లోపలి ముక్క నల్లటి జిడ్డులో కదలకుండా అతుక్కుపోయింది. వాల్వు మార్చాక కారడం ఆగింది.

సైలెన్సర్ దారిలో

క్రాంక్‌కేసు దారి మూసేశాక మిగిలింది పెద్ద దారి. అక్కడ కాపలా కెటలిటిక్ కన్వర్టర్‌ది. చదరపు సెంటీమీటరుకు 60 పైచిలుకు సన్నటి గళ్లున్న పింగాణీ తేనెపట్టు అది. గళ్ల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పలుచటి పూత. బరువు చూస్తే కొన్ని గ్రాములే. కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోలును ఆక్సిజన్‌తో కలిపి కాల్చడం, నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్‌ను విడగొట్టడం, ఈ రెండు ఎదురెదురు పనులూ ఒకేచోట చేస్తుంది. రెండూ ఒకేసారి బాగా జరగాలంటే గాలి, పెట్రోలు నిష్పత్తి ఆ 14.7 దగ్గరే, ఒక శాతం అటూఇటూ లోపే నిలవాలి. ఆ గురి తప్పకపోతే మూడు విషాలూ 90 శాతానికి పైగా మాయమవుతాయి. 250 నుంచి 300 డిగ్రీల వేడి ఎక్కేదాకా మాత్రం దానికి చలనం ఉండదు. అందుకే నేటి కారు విడిచే విషంలో అధిక భాగం స్టార్టు చేసిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లోదే.

నిష్పత్తిని కాపాడే పని ఆక్సిజన్ సెన్సర్‌ది. పెట్రోలు ఎక్కువైతే దాదాపు 0.9 వోల్టు, గాలి ఎక్కువైతే 0.1 వోల్టు చూపిస్తుంది. కంప్యూటర్ ఆ రెంటి మధ్య ఊగుతూ ఇంజెక్టర్లను సవరిస్తుంటుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తక్కువ గాలి చాలు. 20 శాతం కలిపినదానికి నిష్పత్తి 13.5 దగ్గరుంటుంది, ఆ తేడాను కూడా కంప్యూటర్ ఈ సెన్సర్ మాట వినే సర్దుతుంది. బ్రీదర్ పైపో పీసీవీ గొట్టమో చిట్లితే లెక్కలో లేని గాలి లోపలికి దూరి ఇదంతా తారుమారవుతుంది. మన ఎండల్లో, ఇంజన్ వేడిలో అయిదారేళ్లకు ఆ రబ్బరు గట్టిపడి చిట్లడం మామూలే.

పీసీవీకి, కన్వర్టర్‌కు ఇంకో బంధం ఉంది. అరుగుదల తగ్గించడానికి ఇంజన్ ఆయిల్‌లో కలిపే పదార్థంలో భాస్వరం ఉంటుంది. ఆ భాస్వరం కన్వర్టర్ పూతకు విషం. అందుకే ఇప్పటి పలుచని పెట్రోలు ఇంజన్ ఆయిళ్లలో దాన్ని 0.08 శాతం దాటనివ్వరు. వాల్వు పాడై ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెడితే, ఆ భాస్వరమంతా పోయి గళ్ల మీద పేరుకుంటుంది. వందల్లో పోయేది వేలల్లోకి, ఒక్కోసారి అంతకు మించి పోతుంది.

ట్యాంకు దారి గురించి రెండు మాటలు చాలు. పెట్రోలు ఆవిరిని బొగ్గుపొడి నింపిన డబ్బా పట్టి ఉంచి, ఇంజన్ నడిచేటప్పుడు దానికి అందిస్తుంది. బంకులో పంపు ఆటోమేటిక్‌గా ఆగాక కూడా అంచుదాకా పోయించుకుంటే ద్రవం ఆ డబ్బాలోకి పోయి బొగ్గు పాడవుతుంది. ఆగినచోట ఆపెయ్యండి.

పట్టికలో పడిపోయిన అంకెలు

మన దేశంలో పెట్రోలు కార్లకు 1991లో వచ్చిన మొదటి పరిమితుల్లో కార్బన్ మోనాక్సైడ్ బండి బరువును బట్టి కిలోమీటరుకు 14.3 నుంచి 27.1 గ్రాములు. 1996లో 8.68 నుంచి 12.4. 2000లో 2.72. బీఎస్-4 నుంచి 1 గ్రాము. మధ్యలో పరీక్ష తీరు మారింది కాబట్టి అక్షరాలా పోల్చకూడదు గాని, ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే కారుకు అనుమతి కనీసం 143 కిలోల నుంచి 10 కిలోలకు దిగిందన్నమాట. 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. దానికి సీసం లేని పెట్రోలు కావాలి, అది దేశమంతటికీ 2000లో వచ్చింది. హైదరాబాద్‌కు బీఎస్-4 2010 ఏప్రిల్‌లోనే వస్తే, దేశంలోని మిగతా ఊళ్లన్నింటికీ అది పూర్తిగా చేరింది 2017 ఏప్రిల్ 1న. బీఎస్-5ను దాటేసి 2020 ఏప్రిల్ 1న బీఎస్-6లోకి దూకాం. డీజిల్, పెట్రోలులో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. డీజిల్ కారు మసి పరిమితి కిలోమీటరుకు 0.025 గ్రాము నుంచి 0.0045కు పడింది.

తగ్గనిది ఒకటుంది. లీటరుకు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. దాన్ని ఏ కన్వర్టరూ, ఏ వాల్వూ తగ్గించదు. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారు 10,000 కిలోమీటర్లు తిరిగితే 1,280 కిలోలు గాలిలో కలిపినట్టే. తక్కువ తాగే బండి, తక్కువ తిరుగుడు, అంతకు మించి దారి లేదు.

సర్టిఫికెట్ చూడని చోటు

కొత్త కారుకు మొదటి ఏడాది పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. తరవాత బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాదికోసారి తీసుకోవాలి. లేకపోతే చట్టం ప్రకారం జరిమానా 10,000 రూపాయల దాకా. పరీక్షలో గొట్టం పెట్టేది సైలెన్సర్‌లోనే. ఈ పెట్రోలు బండ్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. డిప్‌స్టిక్ వైపు ఎవరూ చూడరు. బ్రీదర్ పైపు పీకి రోడ్డు మీదికి వేలాడదీసినా ఈ పరీక్ష పట్టుకోలేకపోవచ్చు. ఇంజన్‌లోకి ఆయిల్ రావడం లేదు చూశారా అని మెచ్చుకుంటూ పాత డీజిల్ బండ్లకు అలా పీకి వదిలే మెకానిక్‌లు నేటికీ ఉన్నారు. ఆయిల్ రావడం ఆగలేదు, మనం పీల్చే గాలిలోకి వస్తోంది. మొట్టమొదట మూసిన తలుపును మళ్లీ తెరుస్తున్నాం. ఇది తప్పని నేను గట్టిగానే అంటాను. అరిగింది రింగులైతే రింగులు మార్చాలి, అతుక్కుపోయింది వాల్వయితే వాల్వు మార్చాలి.

పరీక్షించడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. టర్బో లేని పెట్రోలు కారయితే, ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలుచటి కాగితం ఒకటి పెట్టండి. కాసేపటికి అది మెల్లగా అతుక్కుంటే వాల్వు పనిచేస్తున్నట్టే. ఎగిరిపోతుంటే వాల్వో రింగులో చూపించాలి. మూత తీయగానే కొన్ని ఇంజన్లు కాస్త తడబడతాయి, దానికి కంగారు పడొద్దు. వాల్వును బయటికి తీసి ఊపితే టకటకమని వినిపించాలి, వినిపించకపోతే మార్చాల్సిందే. గొట్టాలను వేళ్లతో నొక్కి చూడండి, మెత్తగా ఉండాలి. చేతులూ దుస్తులూ తిరిగే బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉంచుకోండి.

వచ్చే సర్వీసుకు బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డులో ఒక్క లైను అదనంగా రాయించండి: పీసీవీ వాల్వు, బ్రీదర్ పైపు చూడాలి.